రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ తొలి ఆల్బమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ ఆల్బమ్ గురించి?

రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే అమెరికన్ బ్యాండ్ 1985 జూన్‌లో తన పేరుతోనే విడుదల చేసిన ఎల్‌పీ (పెద్ద సైజు గ్రామఫోను రికార్డు) గురించి. వాషింగ్టన్‌కు చెందిన డిస్కార్డ్ రికార్డ్స్ సంస్థ దాన్ని తన 16వ విడుదలగా తెచ్చింది. పన్నెండు పాటలు, మొత్తం నలభై నిమిషాల లోపే. ఆ బ్యాండ్ చేసిన పూర్తి నిడివి ఆల్బమ్ ఇదొక్కటే. పోస్ట్‌హార్డ్‌కోర్ చరిత్ర ఎవరు చెప్పబోయినా మొదటి పేజీల్లోనే దీని పేరు వస్తుంది. అయితే ఆ పేరును ఉదహరించేవారిలో ఎంతమంది రికార్డును చివరిదాకా విన్నారన్నది నాకు ఎప్పుడూ అనుమానమే.

బ్యాండ్‌లో ఎవరెవరు ఉన్నారు? నిజంగానే అంత చిన్నవాళ్ళా?

నలుగురు. గీ పిచొట్టో పాడుతూ గిటార్ వాయించాడు. ఎడ్డీ జ్యానీ రెండో గిటార్, మైక్ ఫెలోస్ బేస్, బ్రెండన్ కాంటీ డ్రమ్స్. 1985 ఫిబ్రవరిలో రికార్డింగు జరిగేనాటికి పిచొట్టోకు 19 ఏళ్ళు, కాంటీకి 19 నిండడానికి ఇంకా కొన్ని వారాలుంది. చిన్నవాళ్ళే గానీ కొత్తవాళ్ళు కారు. జ్యానీ అప్పటికే ఫెయిత్ అనే బ్యాండ్‌తో 1983లో ఒక రికార్డు చేశాడు. వాషింగ్టన్ పంక్ (వేగంగా, మోటుగా వాయించే రాక్ శాఖ) సంగీతంలో పదిహేనూ పదహారేళ్ళకే బ్యాండ్ పెట్టడం, రెండేళ్ళకు దాన్ని రద్దు చేసి ఇంకొకటి పెట్టడం మామూలు. కాబట్టి ఇరవై లోపు వయసులోనే వీళ్ళకు ఒక బ్యాండ్ ఎలా పుడుతుందో, ఎలా పోతుందో రెండూ తెలుసు. తొలి ఆల్బమ్ అన్నప్పుడు మనం ఊహించుకునే తడబాటు ఇందులో వినపడకపోవడానికి అదొక కారణం.

పోస్ట్‌హార్డ్‌కోర్ అంటే ఏమిటి?

హార్డ్‌కోర్ అంటే 1980 ప్రాంతంలో అమెరికాలో పుట్టిన పంక్ శాఖ. పాట నిమిషంన్నర ఉంటుంది, వేగం తగ్గదు, అరుపు ఆగదు. వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్, బ్యాడ్ బ్రెయిన్స్, కాలిఫోర్నియాలో బ్లాక్ ఫ్లాగ్ దానికి పెద్ద పేర్లు. మూడు నాలుగేళ్ళలోనే అది ఇరుకైపోయింది. అందరూ ఒకే వేగంతో ఒకే రకం పాట వాయిస్తుంటే, ఆ వేగాన్ని కనిపెట్టినవాళ్ళకే ముందు విసుగు పుట్టింది. బ్లాక్ ఫ్లాగ్ 1984లో ‘మై వార్’ రెండో వైపంతా మందగమనంతో నింపి అభిమానులకు ఒళ్ళు మండేలా చేసింది. అదే ఏడాది హస్కర్ డూ, మినిట్‌మెన్ రెండేసి ఎల్‌పీల ఆల్బమ్‌లు తెచ్చాయి. హార్డ్‌కోర్ తీవ్రతను వదలకుండా, దాని నియమాలను మాత్రం పక్కన పెట్టే సంగీతమంతటికీ తర్వాత పోస్ట్‌హార్డ్‌కోర్ అన్న పేరు స్థిరపడింది. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ ఆ మార్పుకు వాషింగ్టన్ ఇచ్చిన రూపం.

‘రివల్యూషన్ సమ్మర్’ అని తరచూ వింటాం. దానికీ ఈ ఆల్బమ్‌కూ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం ఉంది. 1983లో మైనర్ థ్రెట్ విడిపోయాక వాషింగ్టన్ ప్రదర్శనల్లో కొట్లాటలు పెరిగాయి. గుండు గీయించుకుని తిరిగే స్కిన్‌హెడ్ కుర్రాళ్ళ ముఠాలు వచ్చి వేదిక ముందు జనాన్ని కుమ్మేవి. మొదటి తరం వాళ్ళలో చాలామంది విసిగి ఇంట్లో కూర్చున్నారు. ఆ ప్రదర్శనలను ముఠాలనుంచి తిరిగి లాక్కోవడానికి వాదులాడటం కన్నా, వేరే సంగీతంతో వేరే ప్రదర్శనలు మొదలుపెట్టడమే మేలని డిస్కార్డ్ మిత్రబృందం తీర్మానించుకుంది. ఆ బృందంలోని ఎమీ పికరింగ్, పత్రికల్లోంచి కత్తిరించిన అక్షరాలు అంటించి, పేరు లేని ఉత్తరాలు తయారుచేసి స్నేహితులకు పంపింది. రాబోయేది విప్లవ వేసవి, సిద్ధంగా ఉండండి అన్నది వాటి సారాంశం. 1985 వేసవి వచ్చేసరికి ఎంబ్రేస్, బీఫీటర్ లాంటి బ్యాండ్‌లు పుట్టుకొచ్చాయి. ముందుగా మొదలైనవాటిలో ఒకటి రైట్స్ ఆఫ్ స్ప్రింగ్. 1984 నుంచే వాళ్ళు వాయిస్తున్నారు. వీళ్ళను చూసే మిగతావాళ్ళలో చాలామందికి మళ్ళీ బ్యాండ్ పెట్టాలన్న కోరిక పుట్టింది.

ఎక్కడ రికార్డు చేశారు?

వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో, ఇన్నర్ ఇయర్ అనే స్టూడియోలో. అప్పట్లో అది డాన్ జియెంటారా అనే ఇంజనీరు సొంత ఇల్లు. వాషింగ్టన్ పంక్ రికార్డులు చాలావరకు ఆ ఇంట్లోనే తయారయ్యాయి. మైనర్ థ్రెట్ గాయకుడు, డిస్కార్డ్ వ్యవస్థాపకుల్లో ఒకడు అయిన ఇయన్ మకాయ్ ఈ ఆల్బమ్‌కు నిర్మాణ బాధ్యత చూశాడు.

ఇక్కడ చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. 1985లో పెద్ద స్టూడియోల్లో డ్రమ్స్‌కు విపరీతమైన ప్రతిధ్వని జోడించడం ఫ్యాషన్. ఆనాటి రాక్ రికార్డులను ఏడాది చెప్పకుండా వినిపించినా, డ్రమ్స్ మోతను బట్టి వాటి వయసు చెప్పేయవచ్చు. ఇన్నర్ ఇయర్‌లో అలాంటి హంగులేవీ లేవు. గదిలో ఎలా మోగితే టేపు మీద అలాగే పడింది. ఆ పేదరికమే రికార్డును కాపాడింది. ఇప్పుడు విన్నా అది ఆ దశాబ్దపు ముద్ర పడిన సరుకులా అనిపించదు.

డిస్కార్డ్ ఎలాంటి సంస్థ?

1980లో టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్ రికార్డు ఒకటి విడుదల చేయడం కోసం కుర్రాళ్ళు పెట్టుకున్న లేబుల్. బ్యాండ్‌లతో రాతపూర్వక ఒప్పందాలు ఉండవు. ఖర్చులు పోగా మిగిలినదాన్ని పంచుకుంటారు. వాషింగ్టన్ పరిసరాల బ్యాండ్‌లకే పరిమితం. ప్రచారానికి డబ్బు పెట్టే అలవాటు లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ఆల్బమ్‌కు దక్కిన ఆదరణ గురించి మాట్లాడేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

పాటలు ఎలా ఉంటాయి?

వేగం హార్డ్‌కోర్‌దే. కానీ కింద నడిచే సంగీతం వేరు. రెండు గిటార్లు ఒకే పని చేయవు. ఒకటి స్వరాలను గుప్పించి కొడుతుంటే, మరొకటి పైన సన్నటి రాగం అల్లుతుంది. బేస్ గిటార్ వాటి నీడలా వెంట నడవకుండా తన పాట తాను పాడుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యం డ్రమ్స్. కాంటీ ఎక్కడా ఒకే తాళం మీద కూర్చోడు. పాదం మధ్యలో ఆపుతాడు, ఊపిరి పీల్చుకునేంత జాగా ఇస్తాడు, మళ్ళీ దూకుతాడు. ఈ ఆల్బమ్ గురించి రాసేవాళ్ళంతా పిచొట్టో గొంతు దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే దీన్ని నిలబెట్టింది డ్రమ్మరు. గొంతు ఎంత చెదిరిపోయినా పాట చెదరదన్న ధీమా ఆ డ్రమ్స్ ఇచ్చిందే.

ఒక పాటను దగ్గరగా చూద్దాం. ‘ఫర్ వాంట్ ఆఫ్’ మూడు నిమిషాలు దాటీ దాటకుండా ఉంటుంది. ఉదయం లేచేసరికి గడిచినదాని ముక్క ఒకటి గొంతులో అడ్డుపడిందనీ, ఉక్కిరిబిక్కిరయ్యాననీ అందులో ఒక చరణం చెబుతుంది. అక్కడ ‘నేను’ అనే మాట దగ్గరకు వచ్చేసరికి పిచొట్టో ముందుకు పోలేక అదే అక్షరాన్ని పదేపదే పలుకుతాడు. వాక్యం తెగుతుంది, ఊపిరి అందదు, వెనక వాద్యాలు మాత్రం ఒక్క దెబ్బ కూడా తప్పకుండా సాగిపోతుంటాయి. హార్డ్‌కోర్‌లో అప్పటిదాకా అరుపు ఎదుటివాడి మీద వేలు చూపడానికి పనికొచ్చేది. ఇక్కడ అదే అరుపు పాడేవాడి మీదికే తిరిగింది. కొత్తదనమంతా ఈ మలుపులో ఉంది.

‘డ్రింక్ డీప్’ ఇంకో దారి. దాదాపు అయిదు నిమిషాలు, వేగం తక్కువ, గిటార్ రొద ఎక్కువ. చివరి పాట ‘ఎండ్ ఆన్ ఎండ్’ ఏడు నిమిషాలు దాటుతుంది. ఒకే వరసను తిప్పి తిప్పి వాయిస్తూ, ముగించడానికి మనసొప్పనట్టు సాగుతుంది. నిమిషంన్నర పాటలకు అలవాటుపడిన శ్రోతలకు ఆ రోజుల్లో ఇది ఓర్పుకు పరీక్షే అయివుండాలి.

మాటలు అంత గొప్పవా?

కొన్ని చోట్ల గొప్పవి, కొన్ని చోట్ల పందొమ్మిదేళ్ళవి. పిచొట్టో అప్పట్లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నాడు, ఆ చదువు పాటల్లో తెలుస్తుంది. కాలం, జ్ఞాపకం, చేజారిన క్షణం అన్నవి పన్నెండు పాటల్లోనూ తిరుగుతుంటాయి. ఊరూ పేరూ ఉన్న వస్తువులు మాత్రం తక్కువ. ‘హెయిన్స్ పాయింట్’ అన్నది వాషింగ్టన్‌లో పొటోమాక్ నది ఒడ్డున ఉన్న చోటు. అలాంటి గుర్తులు మరికొన్ని ఉంటే బాగుండేదనిపిస్తుంది. భావం బరువు ఎక్కువై, దాన్ని ఆనించడానికి ఒక మనిషో ఒక వీధో లేక తేలిపోయిన పాదాలు రెండో వైపులో కొన్ని ఉన్నాయి. కాగితం మీద చదివితే అవి తేలిపోతాయి. విన్నప్పుడు గొంతు వాటిని మోస్తుంది.

రాజకీయం ఉందా?

పాటల్లో నినాదాలు లేవు. ఆ వేసవి మాత్రం రాజకీయమైనదే. 1985 జూన్‌లో వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ముందు వర్ణవివక్షకు వ్యతిరేకంగా పంక్ యువత డప్పులు, డబ్బాలు వాయిస్తూ నిరసన తెలిపింది. పాజిటివ్ ఫోర్స్ అనే కార్యకర్తల బృందం కూడా ఆ ఏడాదే మొదలైంది. ఆల్బమ్‌ను ఒంటరి కుర్రవాడి దుఃఖంగా మాత్రమే వినేవారు ఈ నేపథ్యాన్ని మరిచిపోతారు.

విడుదలైనప్పుడు విమర్శకులు ఏమన్నారు?

పెద్ద పత్రికల విమర్శకుల చెవిన ఇది దాదాపు పడనేలేదు. డిస్కార్డ్ ప్రచారం చేయదు. బ్యాండ్ దేశమంతా తిరగలేదు. ఇలాంటి రికార్డులను పట్టించుకున్నవి మ్యాగ్జిమమ్ రాక్ అండ్ రోల్, ఫ్లిప్‌సైడ్ వంటి పంక్ పత్రికలు, అంతకన్నా చిన్నవైన, జిరాక్సు తీసి చేత్తో పంచిపెట్టే ఫ్యాన్‌జైన్‌లు. వాటిలో ఒక్కో ఆల్బమ్‌కు దక్కేది నాలుగైదు వాక్యాల చోటు.

పోల్చి చూడటానికి, న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్ ఏటా అమెరికా సంగీత విమర్శకుల ఓట్లతో ఒక జాబితా వేసేది. 1985 జాబితాలో టాకింగ్ హెడ్స్ మొదటి స్థానంలో ఉంది. రీప్లేస్‌మెంట్స్, హస్కర్ డూ వంటి పంక్ నుంచి ఎదిగిన బ్యాండ్‌లకూ అందులో మంచి స్థానాలే దక్కాయి. అంటే విమర్శకులు పంక్ వైపు చూడటం మానేయలేదు. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ మాత్రం ఆ జాబితాలో లేదు. హస్కర్ డూకు దేశమంతా వ్యాన్‌లో తిరిగే ఓపిక ఉంది, దాని రికార్డులు తెచ్చే ఎస్.ఎస్.టి. లేబుల్‌కు కాలేజీ రేడియోలతో పరిచయం ఉంది. రికార్డు బాగుంటే విమర్శకుడు ఎలాగైనా వెతికి పట్టుకుంటాడనేది అందమైన నమ్మకం. నిజానికి అతని బల్ల మీదికి ఏ కవరు చేరిందన్నదే చాలాసార్లు తేలుస్తుంది.

మరి ఇంత పేరు ఎప్పుడు, ఎలా వచ్చింది?

అడ్డదారిన వచ్చింది. పిచొట్టో, కాంటీ ఇద్దరూ తర్వాత ఇయన్ మకాయ్, జో లాలీలతో కలిసి ఫుగాజీలో వాయించారు. ఆ బ్యాండ్ తొలి ప్రదర్శన 1987లో, తొలి పూర్తి ఆల్బమ్ ‘రిపీటర్’ 1990లో. పెద్ద సంస్థల అండ లేకుండా ఫుగాజీ ప్రపంచమంతా తిరిగి పేరు తెచ్చుకున్నాక, దాని మూలాలు వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళిన శ్రోతలకు ఈ ఆల్బమ్ దొరికింది. 1991లో డిస్కార్డ్ దీన్ని, బ్యాండ్ దీని తర్వాత చేసిన నాలుగు పాటల చిన్న రికార్డును కలిపి ‘ఎండ్ ఆన్ ఎండ్’ పేరుతో సీడీగా తేవడంతో దొరకడమూ తేలికైంది.

రెండో అలను తెచ్చినవి 2001 తర్వాతి పుస్తకాలు. ఆ ఏడాది వచ్చిన మార్క్ ఆండర్సన్, మార్క్ జెంకిన్స్‌ల వాషింగ్టన్ పంక్ చరిత్ర ఈ బ్యాండ్‌కు సముచిత స్థానం ఇచ్చింది. అదే ఏడాది మైకేల్ అజెరాడ్ అమెరికన్ ఇండీ (పెద్ద సంస్థల అండ లేని) బ్యాండ్‌ల మీద రాసిన పుస్తకంలో పదమూడు బ్యాండ్‌లకు అధ్యాయాలున్నాయి. మైనర్ థ్రెట్‌కు ఒకటి, ఫుగాజీకి ఒకటి. రెంటి మధ్యా వంతెన అయిన రైట్స్ ఆఫ్ స్ప్రింగ్‌కు సొంత అధ్యాయం లేదు, ఫుగాజీ కథలో భాగంగా వస్తుంది. ఈ ఆల్బమ్ మీద వచ్చిన విమర్శకు మూలలోపం ఇదేనని నా అభిప్రాయం. తర్వాత ఏం పుట్టిందో చెప్పడానికే దీన్ని తలుచుకుంటారు, దీనిలో ఏముందో చెప్పడానికి ఆగరు. 2016లో రోలింగ్ స్టోన్ పత్రిక నలభై గొప్ప ఎమో (పాడేవాడి భావోద్వేగాలే కేంద్రంగా సాగే పంక్ శాఖ) ఆల్బమ్‌ల జాబితాలో చేర్చినప్పుడూ జరిగింది అదే. గౌరవం దక్కింది, వంశవృక్షంలో తాత స్థానంలో.

ఇదే మొట్టమొదటి ఎమో ఆల్బమ్ అంటారు. నిజమేనా?

వాడుకలో అదే స్థిరపడింది, కానీ బ్యాండ్ ఏనాడూ ఒప్పుకోలేదు. 1985, 86లలో వాషింగ్టన్ కొత్త బ్యాండ్‌లను కొందరు ఎమోకోర్, అంటే ‘ఎమోషనల్ హార్డ్‌కోర్’, అని పిలవడం మొదలుపెట్టారు. ఇయన్ మకాయ్ వేదిక మీదే ఆ పేరును ఎగతాళి చేశాడు. అలాంటి సంగీత విభాగం ఉందని తాను ఎన్నడూ గుర్తించలేదని పిచొట్టో కూడా పలుమార్లు చెప్పాడు. బ్లాక్ ఫ్లాగ్‌కో బ్యాడ్ బ్రెయిన్స్‌కో భావోద్వేగాలు లేవా అన్నది వాళ్ళ వాదన, కాదనడం కష్టం.

2000 తర్వాత ఎమో పేరుతో టీవీల్లో మోగిన సంగీతం విని ఇటు వస్తే మీకు నిరాశ తప్పదు. ఆ సంగీతంలోని మెరుగు, కలిసి పాడుకునే పల్లవులు ఇందులో దొరకవు.

ఆల్బమ్‌లో లోపాలు లేవా?

ఉన్నాయి. రెండో వైపు మధ్యలో వచ్చే మూడు నాలుగు పాటలు ఒకే వేగంతో, ఒకే ఎత్తులో ఉంటాయి. ఏది ఎక్కడ ముగిసిందో పట్టుకోవడానికి నాలుగైదుసార్లు వినాలి. మొదటి క్షణం నుంచే గొంతు పతాకస్థాయిలో ఉండటం వల్ల అది ఇంకా పైకి పోయే చోటు ఉండదు. పిచొట్టో కాస్త తగ్గి పాడిన రెండు మూడు చోట్ల ఆ తగ్గుదలే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆ కిటుకు అతనికి ఫుగాజీలో గానీ పూర్తిగా అబ్బలేదు.

ప్రదర్శనలు ఎలా ఉండేవి?

కొద్దిగా ఉండేవి, తీవ్రంగా ఉండేవి. ఎక్కువభాగం వాషింగ్టన్ పరిసరాల్లోనే. గిటార్లు, వాద్యాలు విరగ్గొట్టేసేవారు. మళ్ళీ కొనడానికి డబ్బు కావాలి కాబట్టి ప్రదర్శనల సంఖ్య పెరిగే అవకాశం కూడా లేకపోయింది. వేదిక మీద పూలు పరచిన సందర్భాలున్నాయి. కొట్లాటలకు అలవాటుపడిన హాళ్ళలో పూలు పరచడం కూడా ఒక తిరుగుబాటే.

ఎందుకు విడిపోయారు? ఆ తర్వాత?

1986 జనవరిలో నాలుగు పాటలు రికార్డు చేశారు, ఆ నెలలోనే బ్యాండ్ ఆగిపోయింది. ఆ పాటలు ‘ఆల్ త్రూ ఎ లైఫ్’ పేరుతో 1987లో వచ్చాయి. ముగ్గురు సభ్యులు ఫెయిత్ గిటారిస్టు మైకేల్ హ్యాంప్టన్‌తో వన్ లాస్ట్ విష్ అనే బ్యాండ్ పెట్టారు. ఆ తర్వాత పాత నలుగురే హ్యాపీ గో లికీ అనే కొత్త పేరుతో మళ్ళీ కలిసి, పాత పాటల జోలికి పోకుండా పూర్తిగా వేరే తరహా సంగీతం వాయించారు. పిచొట్టో ఇతరుల ఆల్బమ్‌లకు నిర్మాతగా కూడా పనిచేశాడు. బ్లడ్ బ్రదర్స్ 2006 ఆల్బమ్ ‘యంగ్ మషెటీస్’ నిర్మాతల్లో ఒకడు. కాంటీ ఈమధ్య జో లాలీతో కలిసి మెస్తెటిక్స్ అనే బృందంలో వాయిస్తున్నాడు.

ఏ ప్రతి వినాలి?

పన్నెండు పాటల ఎల్‌పీ వరుసలోనే. ఎల్‌పీలో లేని ఒక పాటను, చిన్న రికార్డులోని నాలుగింటిని కలుపుకుని సీడీలో పదిహేడు పాటలున్నాయి. సేకరణగా మంచిదే గానీ, ‘ఎండ్ ఆన్ ఎండ్’తో ముగియవలసిన రికార్డు దాని తర్వాత కూడా నడుస్తుంది. చిన్న రికార్డులోని నాలుగు పాటలను మరో రోజు విడిగా వినండి. 1984లో చేసిన నమూనా రికార్డింగును డిస్కార్డ్ 2012లో ‘సిక్స్ సాంగ్ డెమో’గా విడుదల చేసింది. ఆల్బమ్ బాగా తెలిశాక వింటేనే దానికి రుచి.

ఫుగాజీ ఇష్టమైనవారికి ఇది నచ్చుతుందా?

నచ్చాలనేమీ లేదు. ఫుగాజీ బలం నిగ్రహంలో ఉంది, పాటలో ఖాళీ జాగాలు వదలడంలో ఉంది. ఇక్కడ నిగ్రహం లేదు. కాంటీ డ్రమ్స్ మాత్రం వెంటనే గుర్తుపడతారు.

మొదట ఏ పాట వినాలి?

‘ఫర్ వాంట్ ఆఫ్’. అది పట్టుకుంటే మొదటి పాట ‘స్ప్రింగ్’ నుంచి వరుసగా వినండి. పట్టుకోకపోతే ‘డ్రింక్ డీప్’ ప్రయత్నించండి, అరుపులు భరించలేని వారిలో కొందరికి అదే దారి చూపించింది. రెండూ నచ్చకపోతే ఈ ఆల్బమ్‌ను వదిలేయవచ్చు.